45 ఓట్ల దూరంలో విజయ కుమారతుంగ

45 ఓట్లు. 1983 మే నెలలో, కొలంబోకి ఎగువన గంపహా జిల్లాలోని మహర నియోజకవర్గం ఉప ఎన్నికలో శ్రీలంక సినిమా హీరో విజయ కుమారతుంగ ఓడిపోయింది ఆ తేడాతోనే. అప్పటికి సింహళ సినిమాలో ఆయన్ని మించిన హీరో లేడు. ఆయన మీటింగ్ అంటే చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయ్యేవి. లెక్కింపు మధ్యలో కరెంటు పోయిందనీ, దీపాలు మళ్లీ వెలిగేసరికి లెక్క తిరగబడిందనీ అక్కడివాళ్లు నేటికీ చెప్పుకుంటారు. కరెంటు మాట ఎలా ఉన్నా 45 మాత్రం రికార్డులో ఉంది.

ఈ కథని తెలుగువాళ్లకి చెప్పడంలో ఒక చిక్కుంది. సినిమా హీరో రాజకీయాల్లోకి దిగితే ఏమవుతుందో మనకి ముందే తెలుసనుకుంటాం. 1982 మార్చిలో ఎన్టీఆర్ పార్టీ పెట్టారు, 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. పక్కనే ఎంజీఆర్ ఉన్నారు. ఆయన పుట్టింది శ్రీలంకలోనే, కాండీ దగ్గరి నావలపిటియలో. ఈ కొలత పట్టుకుని చూస్తే విజయ కుమారతుంగ లెక్క ఎక్కడా సరిపోదు. అందం ఉంది, పాడే గొంతు ఉంది, వందకు పైగా సినిమాలున్నాయి, పైగా ఇద్దరు ప్రధానమంత్రుల ఇంటికి అల్లుడు. అయినా జీవితంలో ఒక్కసారి కూడా పార్లమెంటు మెట్లెక్కలేదు. 42 ఏళ్ల వయసులో, తన ఇంటి ముందే తుపాకీ గుళ్లకి బలయ్యారు.

ఎందుకు గెలవలేదు అన్న ప్రశ్నకి జవాబు వెతికితే అది ఆయన దగ్గర దొరకదు, 1977 నుంచి 1989 దాకా శ్రీలంకలో ఓటుకి ఏం జరిగిందన్న దాంట్లో దొరుకుతుంది. ఆ దేశం గురించి మన దగ్గర ఏ చర్చ అయినా ప్రభాకరన్ దగ్గర మొదలై ప్రభాకరన్ దగ్గరే ఆగుతుంది. సింహళుల్ని సింహళులే చంపుకున్న కాలం ఒకటుందని చాలామందికి తెలియదు. విజయ ఆ కాలం మనిషి.

తుమ్మెదలు వచ్చిన ఊరు

1945 అక్టోబరు 9న పుట్టారు. సొంత ప్రాంతం జా-ఎల. కొలంబో నుంచి నెగొంబో వెళ్లే దారిలో కొబ్బరి తోటలు, చర్చిలు, చేపల రేవులు ఉన్న కాథలిక్ ప్రాంతం అది. సింహళులంటే అందరూ బౌద్ధులే అనుకుంటాం కానీ ఈ పడమటి తీరంలో పోర్చుగీసుల కాలం నుంచీ కాథలిక్కులైన సింహళులు బాగా ఉన్నారు. విజయది అలాంటి కుటుంబమే, తండ్రి ఊరి పెద్ద. తర్వాత ఆయన సింహళ బౌద్ధ రాజకీయానికి పుట్టినిల్లులాంటి ఇంటికి అల్లుడయ్యారు కాబట్టి ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆయన పేరు జనానికి తెలిసింది 1969లో ‘హంతానే కథావ’తో. పేరాదెణియ విశ్వవిద్యాలయం పక్కనున్న హంతాన కొండల నేపథ్యంలో తీసిన కాలేజీ కథ. అప్పటికి సింహళ సినిమాకి సొంత నడక వచ్చి ఎంతో కాలం కాలేదు. తొలి సింహళ టాకీ 1947లో వచ్చింది, అదీ తమిళనాడు స్టూడియోలో తీసింది. చాలా ఏళ్లపాటు మద్రాసు మసాలాకే సింహళ మాటలు అతికించి అమ్మేవారు. లెస్టర్ జేమ్స్ పీరిస్ 1956లో ‘రేఖావ’తో కెమెరాని స్టూడియోలోంచి పల్లెలోకి తీసుకెళ్లాక దారి మారింది.

విజయ రెండు దారుల్లోనూ నడిచారు. మామూలు ప్రేమకథలు, ఫైటింగులు చేశారు. అదే సమయంలో ధర్మసేన పతిరాజ లాంటి వామపక్ష దర్శకుడితో వరసగా పనిచేశారు. వాళ్ల సినిమాల్లో నాకు బాగా పట్టుబడింది 1978 నాటి ‘బంబరు ఎవిత్’. తుమ్మెదలు వచ్చాయి అని అర్థం. తెలుగు కావ్యాల్లో బంభరం అంటే తుమ్మెదే కదా, ఆ మాటే ఇది. కల్పిటియ వైపు ఒక జాలరి పల్లె. పట్నం నుంచి విక్టర్ అనే కుర్ర వ్యాపారి దిగుతాడు. జీన్సు వేసుకుంటాడు, నవ్వుతాడు, చేపల ధర తన చేతిలోకి తీసుకుంటాడు. ఊరి పిల్లని కూడా. అతను పోయేసరికి ఆ పల్లెలో రక్తం ఉంటుంది. ఆ విక్టర్ విజయే. అభిమానులున్న హీరో ఊరిని పాడుచేసేవాడి వేషం వేయడానికి ఒప్పుకోవడం అప్పుడూ ఇప్పుడూ మామూలు విషయం కాదు.

ఆ సినిమా చివర ఒక సన్నివేశం ఉంది. విక్టర్ వెంట వచ్చిన వీరసేన అనే కుర్రాడు, అంతా అయిపోయాక, విప్లవం గురించి గట్టిగా ఉపన్యాసం మొదలుపెడతాడు. వినడానికి ఎదురుగా ఒక్క మనిషి ఉండడు. ఖాళీ వీధి. పతిరాజ తన తోటి వామపక్షీయులనే అలా ఎగతాళి చేశారు. విజయ రాజకీయ జీవితం తెలిశాక ఈ సన్నివేశం మళ్లీ చూస్తే ఇంకోలా అనిపిస్తుంది. ఆయన ముందు వీధి ఎప్పుడూ ఖాళీగా లేదు, నిండుగానే ఉంది. ఆయనకి ఎదురైన చిక్కు వేరు.

1980లో సుమిత్రా పీరిస్ తీసిన ‘గంగ అద్దర’ వచ్చింది. ఏటి ఒడ్డున అని అర్థం. అందులో అదే పేరున్న పాటని విజయే పాడారు. శిక్షణ ఉన్న గొంతు కాదది, పక్కింటి మనిషి సాయంత్రం అరుగు మీద కూర్చుని పాడుకున్నట్టుంటుంది. సింహళం రానివాళ్లకి కూడా పట్టుకుంటుంది. ఆ సింహళ పాట రాసింది ఆగస్టస్ వినాయగరత్నం అనే తమిళుడు. మూడేళ్లలో ఆ దేశం ఏమైపోయిందో తెలిసి వింటే ఆ పాట వేరేగా వినిపిస్తుంది.

ఎనభైల్లో సరసవియ పురస్కారాల్లో ‘అత్యంత జనాదరణ పొందిన నటుడు’ బహుమతి ఏళ్ల తరబడి ఆయనదే. జనాదరణకి లోటు లేదన్నమాట.

అయితే ఎన్టీఆర్‌కి రాముడు, కృష్ణుడు తెచ్చిపెట్టినలాంటి ఆదరణ కాదది. సింహళ సినిమాలో అలాంటి పౌరాణికాల పంట లేదు. విజయ తెర మీద దేవుడు కాదు, జాలరి, కూలీ, నిరుద్యోగి, ఒక్కోసారి మోసగాడు. హారతులు పట్టే అభిమానం కాక, భుజం మీద చెయ్యి వేసి మాట్లాడాలనిపించే అభిమానం. ఆయన నవ్వు గురించే అందరూ చెప్తారు.

అల్లుడు

రాజకీయాలు సినిమా తర్వాత పట్టుకున్నవి కావు. లంక సమ సమాజ పార్టీ అనే, ట్రాట్‌స్కీ బాట పట్టిన వామపక్ష పార్టీలో మొదలుపెట్టి, 1974లో శ్రీలంక ఫ్రీడం పార్టీలోకి వచ్చారు. అది సిరిమావో బండారనాయకే పార్టీ. ఆమె భర్త ఎస్.డబ్ల్యు.ఆర్.డి. బండారనాయకే 1956లో సింహళ భాషా నినాదంతో గెలిచి, 1959లో ఒక బౌద్ధ భిక్షువు చేతిలో హతమయ్యారు. 1960లో ఆమె ప్రపంచంలోనే తొలి మహిళా ప్రధానమంత్రి అయ్యారు. 1978లో విజయ వాళ్ల అమ్మాయి చంద్రికని పెళ్లాడారు. ఆమె పారిస్‌లో చదివి వచ్చి భూసంస్కరణల కమిషన్‌లో పనిచేసిన మనిషి. భర్తకంటే ఏమీ తక్కువ వామపక్షం కాదు.

పెళ్లికి ముందు ఏడాదే, 1977లో, విజయ తన సొంత ప్రాంతం పక్కనే ఉన్న కటాన నుంచి మొదటిసారి పోటీ చేశారు. ఓడిపోయారు. కానీ ఆ ఓటమిని ఆయన ఖాతాలో వేయడం అన్యాయం. ఆ ఏడు ఫ్రీడం పార్టీయే తుడిచిపెట్టుకుపోయింది. 168 స్థానాల్లో జె.ఆర్. జయవర్ధనే నాయకత్వంలోని యునైటెడ్ నేషనల్ పార్టీకి 140 వచ్చాయి, ఫ్రీడం పార్టీకి 8. చెయ్యి గుర్తు ఫ్రీడం పార్టీది, ఏనుగు గుర్తు జయవర్ధనేది. ఏనుగు చెయ్యిని తొక్కేసింది. సినిమా హీరోనే కాదు, ఆ ఏడు అక్కడ ఎవరు నిలబడ్డా అంతే.

ఆ 140 సీట్లతో జయవర్ధనే 1978లో రాజ్యాంగాన్నే మార్చారు. అధికారమంతా అధ్యక్షుడి చేతికి వచ్చింది, ఆ అధ్యక్షుడు ఆయనే. 1980 అక్టోబరులో సిరిమావో పౌర హక్కుల్ని ఏడేళ్లపాటు రద్దు చేయించారు. అంటే ప్రధాన ప్రతిపక్ష నాయకురాలు ఎన్నికల్లో నిలబడకూడదు. పార్టీ తల తీసేసినట్టయింది. మొండెం కోసం ఇంట్లో గొడవ మొదలైంది. ఒకవైపు కొడుకు అనుర, ఇంకోవైపు కూతురు చంద్రిక, అల్లుడు విజయ.

అల్లుడి రాజకీయం అంటే ఏమిటో తెలుగువాళ్లకి ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. 1995 ఆగస్టు మనకి గుర్తే. కాకపోతే ఇక్కడ జనాన్ని రప్పించే శక్తి మామగారిది, ఎమ్మెల్యేలని కూడగట్టే నేర్పు అల్లుడిది. అక్కడ తలకిందులు. జనం అల్లుడి వెంట వచ్చేవారు, పార్టీ మాత్రం ఇంటి పేరున్న కొడుకు వైపు ఉండేది. సింహళ రాజకీయంలో పార్టీలు అభిమాన సంఘాల మీద నిలబడవు. ఊరి పెద్దలు, బళ్లో మాస్టార్లు, ఆయుర్వేద వైద్యులు, గుళ్లో భిక్షువులు, వీళ్ల మీద నిలబడతాయి. 1956లో పెద్ద బండారనాయకే గెలిచింది ఆ బలంతోనే. కాథలిక్ కుటుంబంలో పుట్టి, సినిమాల్లో పేరు తెచ్చుకుని, ఎర్ర జెండా కింద నడిచి వచ్చిన అల్లుడిని ఆ పాత వ్యవస్థ తనవాడిగా ఎంత త్వరగా ఒప్పుకుంటుందో ఊహించుకోవచ్చు.

దీపం, కుండ, నక్సలైటు

1982 అక్టోబరు 20న అధ్యక్ష ఎన్నిక. సిరిమావో నిలబడే వీలు లేదు కాబట్టి ఫ్రీడం పార్టీ తరఫున హెక్టర్ కొబ్బెకడువ పోటీ చేశారు. పార్టీ పెద్దల్లో చాలామంది చేతులు ముడుచుకుని కూర్చుంటే ఊరూరా తిరిగింది విజయ, చంద్రిక. జయవర్ధనేకి 52.9 శాతం వచ్చింది, కొబ్బెకడువకి 39 శాతం. చేతులు కట్టేసిన పార్టీకి 39 శాతం అంటే తక్కువేం కాదు. అవే ఓట్లు పార్లమెంటు ఎన్నికల్లో పడితే, వచ్చిన ఓట్ల నిష్పత్తిలో సీట్లు ఇచ్చే కొత్త పద్ధతి ప్రకారం, ఏనుగు 140 సీట్లు కరిగిపోవడం ఖాయం.

జయవర్ధనే లెక్కల్లో గట్టివారు. ఎన్నికలే వద్దనుకున్నారు. ఉన్న పార్లమెంటునే ఇంకో ఆరేళ్లు పొడిగిద్దామా అని జనాన్ని రిఫరెండంలో అడిగారు. కారణం కావాలి కదా. ఫ్రీడం పార్టీలో నక్సలైట్ ముఠా ఒకటి ఉందని, అది గెలిచి ఉంటే తనని, కొందరు మంత్రులని, సైన్యాధిపతులని, అనుర బండారనాయకేని చంపి, సిరిమావోని జైల్లో పెట్టేదని దేశానికి చెప్పారు. ఆ ముఠా పేరుతో అరెస్టయినవారిలో ముఖ్యుడు విజయ కుమారతుంగ.

శ్రీకాకుళం అడవుల పోరాటం చూసిన మనకి ఈ మాట దగ్గర ఆగాలనిపిస్తుంది. పశ్చిమ బెంగాల్లోని నక్సల్బరి అనే ఊరి పేరు మీద పుట్టిన మాట, శ్రీకాకుళం మీదుగా తెలంగాణ పల్లెల్లో స్థిరపడిన మాట, సముద్రం దాటి వెళ్లి సీట్ల లెక్కలో చిక్కుకున్న ఒక సినిమా హీరో మీద పడింది. అక్కడ నక్సల్బరి ఏమీ లేదు, భూస్వామి గడీ ఏమీ లేదు. ఆ మాట వింటే పుట్టే భయం మాత్రం ఉంది, జయవర్ధనేకి కావలసింది అదే. మన ఊళ్లలో చైతన్యరథం తిరుగుతున్న నెలల్లో, కొలంబోలో విజయ నిర్బంధంలో ఉన్నారు. అభియోగం మోపలేదు, విచారణ జరపలేదు. రిఫరెండం ముగిశాక వదిలేశారు.

1982 డిసెంబరు 22న జనం ముందు రెండు గుర్తులు పెట్టారు. పొడిగింపు కావాలంటే దీపం, వద్దంటే కుండ. గుర్తుల్లోనే సగం తీర్పు రాసేశారు. దీపం వద్దని కుండకి ఓటేయమని పల్లెలో ఒక ముసలామెకి ఎలా నచ్చజెప్తారు? అయినా 45 శాతం కుండకే వేశారు. దీపానికి 54.66 శాతం. దాంతో 1977లో ఎన్నికైన పార్లమెంటు 1989 దాకా నడిచింది. పన్నెండేళ్లు, ఒక్క సార్వత్రిక ఎన్నిక లేకుండా.

విజయ చిక్కుముడి విడేది ఇక్కడే. ఆయన జనాదరణ పతాక స్థాయిలో ఉన్నది 1980 నుంచి 1988 దాకా. ఆ కాలమంతా ఓటు పెట్టెకి తాళం ఉంది. ఎన్టీఆర్ పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకి ఎన్నికలు వచ్చాయి. అవే రాకపోయి ఉంటే? ఆరేళ్లు ఆగమని ఉంటే? జనాదరణ దాచుకునే సరుకు కాదు. పెరుగులాంటిది, వేళకి తినాలి.

ఆ పెట్టె కాస్త సందుగా తెరుచుకున్నది ఒక్కసారే, మహరలో. జయవర్ధనే తన ఎంపీలందరి దగ్గరా తేదీ వేయని రాజీనామా పత్రాలు ముందే రాయించుకుని పెట్టుకున్నారు. రిఫరెండంలో కుండ గెలిచిన చోట్ల ఉన్న తన ఎంపీల పత్రాలకి తేదీలు వేసి, 1983 మే 18న 18 స్థానాలకి ఉప ఎన్నికలు జరిపించారు. సార్వత్రిక ఎన్నికలు ఎగ్గొట్టిన చెడ్డపేరు పోగొట్టుకోవడానికి. ఏనుగుకి 14 వచ్చాయి. విజయకి 45 ఓట్లు తక్కువయ్యాయి.

యాళ్పాణం దారి

రెండు నెలలు తిరగకుండానే, 1983 జూలై 23న, తమిళుల ఉత్తరాదిలోని యాళ్పాణంలో, అంటే జాఫ్నాలో, ప్రభాకరన్ సంస్థ ఎల్టీటీఈ మందుపాతర పేల్చి 13 మంది సైనికుల్ని చంపింది. మరునాటి నుంచి కొలంబోలో తమిళుల ఇళ్లు, దుకాణాలు తగలబెట్టారు. ఆ గుంపుల చేతుల్లో ఓటర్ల జాబితాలున్నాయని ప్రత్యక్షంగా చూసినవాళ్లు చెప్పారు. సింహళ సినిమా కూడా కాలింది. దాన్ని నిలబెట్టిన నిర్మాతల్లో, దర్శకుల్లో, టెక్నీషియన్లలో తమిళులు చాలామంది. కె. గుణరత్నం గారి స్టూడియో బూడిదైంది. దర్శకుడు కె. వెంకట్‌ని చంపేశారు. విజయ పనిచేసిన పరిశ్రమ అది.

ఫ్రీడం పార్టీ దీని మీద గట్టిగా నోరు విప్పలేదు. సింహళ ఓటు ఎటు పోతుందోనన్న బెరుకు. ఇంటి గొడవా ముదిరింది. 1984 జనవరిలో విజయ, చంద్రిక, పాత మంత్రి టి.బి. ఇలంగరత్నే, యువకుడు ఓసీ అబేగుణసేకర కలిసి శ్రీలంక మహాజన పక్షం స్థాపించారు. కూతురు తల్లి పార్టీని వదిలి బయటికి వచ్చింది.

ఆ పార్టీ విధానం ఒక్క మాటలో చెప్పొచ్చు, కానీ 1984లో ఆ మాట సింహళ వేదిక మీద అనడానికి గుండె కావాలి. తమిళుల సమస్య సైనిక సమస్య కాదు, అధికారం పంచాలి. సింహళ పల్లెల్లో తిరుగుతూ, ఫోటో దిగుదామని వచ్చిన కుర్రాళ్లకి ఆయన ఈ మాటే చెప్పారు. ఓట్లు పోగొట్టే మాటని అభిమానం పెట్టుబడిగా పెట్టి అమ్మారు. సినిమా హీరోలు రాజకీయాల్లో సాధారణంగా దీనికి ఉల్టా చేస్తారు. జనం ఇప్పటికే నమ్మేదాన్ని ఇంకా గట్టిగా అంటారు. విజయ గురించి ఇంతగా రాయాలనిపించడానికి నాకున్న కారణం ఇదే.

1986లో ఆయన యాళ్పాణం వెళ్లారు. అప్పటికి అక్కడ సైన్యం శిబిరాలు దాటి బయటికి వచ్చే పరిస్థితి లేదు, ఊరంతా ఎల్టీటీఈ చేతిలో ఉంది. సింహళ నాయకుడు అక్కడికి వెళ్లడమంటే తిరిగి వస్తాడన్న నమ్మకం లేని ప్రయాణం. విజయ వెళ్లి ఎల్టీటీఈ యాళ్పాణం కమాండర్ కిట్టుతో కూర్చుని మాట్లాడారు. తమిళ జనం ఆయన్ని చూడ్డానికి వీధుల్లోకి వచ్చారు. ప్రభుత్వం చేయలేని పని ఒక ఎంపీ కూడా కాని మనిషి చేశాడు. శ్రీలంక దక్షిణాన, సింహళుల వైపు, కొందరికి అది నచ్చలేదు. వాళ్లు అధికారంలో ఉన్నవాళ్లు మాత్రమే కాదు.

మోకాలి ఎత్తు

జేవీపీ, అంటే జనతా విముక్తి పెరమున. 1971లో ఒకసారి తిరుగుబాటు చేసి అణిగిపోయిన సింహళ యువకుల పార్టీ. 1983 అల్లర్ల నింద తమ మీద పెట్టి జయవర్ధనే నిషేధించాక అజ్ఞాతంలోకి వెళ్లింది. పేరుకి మార్క్సిస్టులు, ఆచరణలో అప్పటికి సింహళ దేశభక్తే ప్రధానం. 1987 జూలై 29న రాజీవ్ గాంధీ, జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. భారత సైన్యం ఉత్తరాన దిగింది. రాజ్యాంగానికి 13వ సవరణ వచ్చింది, రాష్ట్రాల మండళ్లు పెట్టాలని. జేవీపీ దృష్టిలో ఇది దేశాన్ని ముక్కలు చేయడం, దీన్ని సమర్థించినవాడు దేశద్రోహి.

విజయ సమర్థించారు. తనని నక్సలైటని జైల్లో పెట్టిన జయవర్ధనే చేసిన ఒప్పందమే అయినా సమర్థించారు. ఎందుకంటే మూడేళ్లుగా తను అడుగుతున్నది అదే.

ఆ ఏడు ఆగస్టు 18న పార్లమెంటు భవనంలోనే గ్రెనేడ్ విసిరారు. డిసెంబరులో అధికార పార్టీ అధ్యక్షుడు హర్ష అబేవర్ధనని చంపారు. అంతకుముందు ఏడాదే కొలంబో విశ్వవిద్యాలయంలో తమకి ఎదురు నిలిచిన వామపక్ష విద్యార్థి నాయకుడు దయా పతిరణని చంపి ఉన్నారు. జేవీపీకి ప్రభుత్వం కంటే తనకి పోటీ వచ్చే ఎడమపక్షం మీద ఎక్కువ కక్ష. అదే సింహళ యువకులు, అవే పల్లెలు. వాళ్లకి తుపాకీ కాకుండా ఇంకో దారి చూపించగల మనిషి ఒకడున్నాడు, వాళ్లు అతని పాటలు పాడుకుంటున్నారు. అలాంటివాడు ఉండకూడదు.

1988 మొదట్లో పాత వామపక్షాలన్నిటినీ ఒక తాటి మీదకి తెచ్చి విజయ ఐక్య సోషలిస్టు కూటమి కట్టారు. ఆ ఏడు చివర జరగబోయే అధ్యక్ష ఎన్నికలో అభ్యర్థి ఆయనే అని అందరూ అనుకుంటున్నారు. తాళం తీసే రోజు దగ్గరికి వచ్చింది.

ఫిబ్రవరి 16, పట్టపగలు. కొలంబోలో పొల్హేన్‌గొడ ఇంటి ముందు విజయ నిలబడి ఉన్నారు. మోటార్ సైకిల్ మీద ఇద్దరు వచ్చారు. దగ్గర నుంచి కాల్చారు. కింద పడ్డాక మళ్లీ తల మీద కాల్చారు. ఆ దేశం అంతటికీ గుర్తున్న ముఖం మిగల్లేదు. చంద్రిక ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చారు. ఆమెకి ఇది రెండోసారి. పద్నాలుగేళ్ల వయసులో తండ్రిని ఇలాగే ఇంటి వరండాలో కాల్చారు.

స్వాతంత్ర్య చౌకం దగ్గర అంత్యక్రియలకి వచ్చినంత జనం అంతకుముందు ఆ దేశంలో ఎవరికీ రాలేదని చూసినవాళ్లు రాశారు. వచ్చినవాళ్లలో ఒక ఎన్నికలో గెలిపించడానికి చాలినంత మంది ఎన్నిసార్లో ఉంటారు. ఆ జనం తమ నాయకుణ్ని అలా సాగనంపగలిగిన ఆఖరి సందర్భాల్లో అదొకటి. తర్వాత ఏడాదిన్నరలో జేవీపీ భయం ఎంత పెరిగిందంటే, తాము చంపిన మనిషి శవపేటికని మోకాలి ఎత్తుకి మించి మోయకూడదని హుకుం జారీ చేసేవారు. ఇళ్లవాళ్లు నడుములు వంచి, పేటికని నేలకి రాసుకునేంత కిందికి పట్టుకుని శ్మశానానికి మోసుకెళ్లారు. దానికి బదులుగా ప్రభుత్వ బలగాలు, వాటి ముసుగు దళాలు వేలాదిగా సింహళ కుర్రాళ్లని చంపి రోడ్ల పక్కన టైర్లతో తగలబెట్టాయి. 1989 నవంబరులో జేవీపీ నాయకుడు రోహణ విజేవీరని పట్టుకుని చంపేశారు.

విజయని కాల్చింది జేవీపీ సాయుధ దళానికి చెందినవాడేనని దర్యాప్తులో ఒప్పుకోలు వచ్చింది. ఆ తర్వాత చంద్రిక అధ్యక్షురాలయ్యాక వేసిన కమిషన్, దీని వెనక హత్యనాటి ప్రధానమంత్రి రణసింఘే ప్రేమదాస, అధికార పార్టీ నాయకుడు రంజన్ విజేరత్నే ఉన్నారని వేలు చూపింది. ఆ నివేదిక వచ్చేనాటికి ఇద్దరూ లేరు, ఇద్దరూ బాంబు పేలుళ్లలో చనిపోయారు. నన్నడిగితే జేవీపీకి ఆయన్ని చంపడానికి ఎవరో చెప్పాల్సిన అవసరం లేదు, వాళ్ల సొంత తర్కమే చాలు. ఆయన పోతే లాభపడినవాళ్లు వేరే కూడా ఉన్నారన్న మాటా అంతే నిజం. 1988 డిసెంబరు అధ్యక్ష ఎన్నికలో ప్రేమదాస 50.4 శాతంతో, గీత మీద గట్టెక్కారు. విజయ స్థానంలో నిలబడ్డ ఓసీ అబేగుణసేకరకి 4.6 శాతం వచ్చింది. ఆ జనాదరణ పార్టీది కాదు, మనిషిది. మనిషితోనే పోయింది. ఓసీ కూడా 1994 అక్టోబరులో, అప్పటి అధ్యక్ష అభ్యర్థి గామిణి దిసనాయకేతో పాటు ఆత్మాహుతి బాంబుకి చనిపోయారు.

ఇక జేవీపీ. ఆయుధాలు వదిలి ఎన్నికల్లోకి వచ్చింది. 2024 సెప్టెంబరులో దాని నాయకుడు అనుర కుమార దిసనాయకే శ్రీలంక అధ్యక్షుడయ్యారు, ఓటు ద్వారా. విజయ ఉండి ఉంటే ఆయన వయసు అప్పటికి 79కి నెల తక్కువ.

ఇంకో హీరో

ఓటు పెట్టె తాళం 1989 ఫిబ్రవరి 15న తీశారు. పన్నెండేళ్ల తర్వాత పార్లమెంటు ఎన్నికలు. విజయ చనిపోయి ఏడాదికి ఒక్క రోజు తక్కువ. ఆ ఎన్నికలో సినిమా హీరో గెలవనే గెలిచాడు. మాతర జిల్లా నుంచి, ఏనుగు గుర్తు మీద. పేరు గామిణి ఫొన్సేక. సింహళ తెర మీద విజయకి ముందు తరం రారాజు. డిప్యూటీ స్పీకర్ కూడా అయ్యారు. ఒకే పరిశ్రమ, అదే రకం అభిమానం, పదేళ్లు కూడా లేని వయసు తేడా. ఒకాయన ఎన్నికలు ఉన్నప్పుడు అధికార పార్టీ తరఫున నిలబడ్డారు, ఇంకొకాయన ఎన్నికలు లేనప్పుడు ఎదురు నిలబడ్డారు.

గామిణిని తక్కువ చేయడానికి కాదు ఈ మాట. 1979లోనే ‘సరుంగలయ’లో ఆయన నడరాజా అనే తమిళ గుమాస్తా వేషం వేశారు. సరుంగలయ అంటే గాలిపటం. సింహళ ప్రేక్షకులు తమ హీరోని తమిళుడిగా చూసి, అల్లర్లలో అతను చచ్చిపోతుంటే కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ పని ఇంకెవరూ చేయలేకపోయారు.

1994లో చంద్రిక 62 శాతం ఓట్లతో అధ్యక్షురాలయ్యారు. మరుసటి ఏడాది ఈశాన్య రాష్ట్రానికి, అంటే తమిళుల ప్రాంతానికి, కొత్త గవర్నర్ని నియమించారు. గవర్నర్ పదవి పుట్టింది 13వ సవరణతో, విజయ ప్రాణం తీసిన ఆ సవరణతోనే. ఆమె ఆ కుర్చీ ఇచ్చింది గామిణి ఫొన్సేకకి. ఆయన మూడేళ్లు ఆ పదవిలో, త్రికోణమలై కేంద్రంగా పనిచేశారు.